చుక్కలు పోయిన రోజు

మా ఏంజెల్ చేప తోక మీద ఒకే ఒక్క చుక్క కనిపించింది. బొంబాయి రవ్వ గింజంత. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ట్యాంకు ముందు కూర్చోవడం నాకు నాలుగేళ్ళుగా అలవాటు. అద్దం మీద మరకేమోనని వేలితో తుడిచాను. మరక చేపతోపాటు కదిలి వెళ్ళిపోయింది.

దానికి ఆరు రోజుల ముందు, ఆదివారం, ఆరు నియాన్ టెట్రాలు కొన్నాను. డిసెంబరు చలి. కవరును ట్యాంకులో ఇరవై నిమిషాలు తేలవేసి, నీళ్ళ వేడి సమానమయ్యాక, కవరు విప్పి చేపల్ని వదిలేశాను. ఆ ఇరవై నిమిషాలే నా దృష్టిలో జాగ్రత్త. దుకాణంలో అవి ఎంత హుషారుగా ఉన్నాయో! రోగమున్న చేప రోగమున్నట్టే కనిపిస్తుందని నా నమ్మకం. హైదరాబాదు దుకాణాల్లోని రంగుచేపల్లో చాలావాటి ప్రయాణం చెన్నై కొళత్తూరులోనో కోల్‌కతాలోనో మొదలవుతుంది. ఆక్సిజన్ నింపిన కవర్లలో, థర్మకోల్ పెట్టెల్లో, రాత్రంతా చీకట్లో కుదుపులు తిని వచ్చిన చేపలవి. దారిలో తగిలిన దెబ్బ వారానికో పది రోజులకో బయటపడుతుంది. ఆపాటికి అవి దుకాణంలో ఉండవు, మనింట్లో ఉంటాయి.

నేను భీమవరం వాణ్ణని చెప్పుకోవడానికి ఇక్కడ కాస్త సిగ్గుగా ఉంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆ చుక్క పేరు ఇక్. పూర్తి పేరు ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలియిస్, అంటే బహుసంతానం గల చేపపేను. 1876లో ఫూకే అనే ఫ్రెంచి ఆయన పెట్టిన పేరు. పేను కాదది, ఏకకణ జీవి. సంతానం మాట మాత్రం అక్షరాలా నిజం. చేప పైచర్మం కింద దూరి, అక్కడే తిని, బలిసి, చుక్కగా కనిపిస్తుంది. కడుపు నిండాక చర్మం చీల్చుకుని కిందికి రాలుతుంది. ఇసుక మీదో ఆకు మీదో అతుక్కుని చుట్టూ జిగురు గోడ కట్టుకుంటుంది. ఆ గోడలోపల రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై, వందల్లో, ఒక్కోసారి వెయ్యికి పైగా పిల్లలవుతుంది. అవి ఈదుకుంటూ చేపను వెతుక్కుంటాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి.

చర్మం కింద ఉన్నప్పుడు మందు దానికి తగలదు. జిగురు గోడలో ఉన్నప్పుడూ తగలదు. ఈదుతున్న ఆ ఒకటి రెండు రోజులే మన చేతికి చిక్కేది. ఇదంతా నాకిప్పుడు కంఠతా వచ్చు. అప్పుడు రాదు.

దుకాణంవాడిచ్చిన ఆకుపచ్చ మందు చుక్కలు లెక్కపెట్టి వేశాను. నాలుగో రోజు పొద్దున చూస్తే ఏంజెల్ చేప తళతళలాడుతోంది. ఒక్క చుక్క లేదు. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. మందు సీసా అలమరలో పెట్టేశాను. పాపం చేపలకెందుకు ఇంకా మందని మూడోవంతు నీళ్ళు కూడా మార్చాను. ఆ రోజు నేనెంత సంతోషించానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చుక్కలు చావలేదు, రాలాయి. నేను ఫోటోలు తీసుకుంటున్న సమయానికి అడుగున ఇసుకలో అవి కాపురాలు పెడుతున్నాయి.

మూడు రోజుల తర్వాత ట్యాంకులో ఉప్పు చల్లినట్టయింది. పదిహేడు చేపల్లో చుక్క లేనిది లేదు. గౌరామీలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుచుకున్నాయి. మొప్పల్లో కూడా చుక్కలుంటాయి కదా, అవి మనకు కనబడవు, చేపకు ఊపిరాడదు. చంపేవి అవే. అడుగున తిరిగే కోరీలు రాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటున్నాయి.

హీటరు 30 డిగ్రీలకు పెంచమని చదివాను, పెంచాను. వేడికి పురుగు చక్రం తొందరగా తిరుగుతుంది, మందుకు తొందరగా దొరుకుతుంది. అయితే నీళ్ళు వేడెక్కితే అందులో పట్టే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములు దాటి ఉండేది 30కి వచ్చేసరికి ఏడున్నరకు పడిపోతుంది. అసలే మొప్పలు పాడైన చేపలు. ఆ రాత్రి రెండో ఎయిర్ పంపు పెట్టాలని నాకు తట్టలేదు. తెల్లారేసరికి జంట ఏంజెల్స్‌లో ఆడది పోయింది. (గుడ్లు పెట్టిన ప్రతిసారీ నా వేలు కొరికేది. వేలు చాలా రోజులు బెంగపడింది.)

అన్నీ కలిపి తొమ్మిది పోయాయి. పూలకుండీల మట్టిలో పాతిపెట్టాను. చనిపోయిన చేపల్నీ జబ్బు నీళ్ళనీ నాలాలోనో చెరువులోనో పడెయ్యకండి, దాని ఫలితం వేరేవాళ్ళ చేపలు అనుభవిస్తాయి.

నరసాపురంలో ఉండే మా బాబాయికి ఫోన్లో చెప్పుకుని బాధపడ్డాను. ఆయన అడిగిన మొదటి మాట, "ఏరా, పిల్లకి పీసీఆర్ చేయించావా?"

వేళాకోళమే, కానీ నిజం. 1994-95లో తెల్లమచ్చ రోగం వచ్చి టైగర్ రొయ్య చెరువులు తుడిచిపెట్టుకుపోయినప్పుడు బాబాయిది రెండెకరాల చెరువు. సాయంత్రం మేతకు వచ్చిన రొయ్య పొద్దుటికి గట్టు వెంబడి ఎర్రగా తేలింది. ఆ తెల్లమచ్చ వైరస్, మా ట్యాంకులోది ఏకకణ జీవి. రెంటినీ తెల్లమచ్చ అనే అంటారు, చుట్టరికం ఆ పేరులోనే. అయినా పాఠం ఒకటే. ఆ దెబ్బ తర్వాత మావాళ్ళు సీడుకు, అంటే రొయ్య పిల్లలకు, పీసీఆర్ పరీక్ష చేయించకుండా చెరువులో వెయ్యడం మానేశారు. 2020లో దేశమంతా పీసీఆర్ అంటే ఏమిటని అడుగుతుంటే, మా వైపు రొయ్యల రైతులకు అది పాత మాట. 2009 నుంచి మన దగ్గరికొచ్చిన వనామీ రొయ్య సంగతి చూడండి. విదేశాల నుంచి దిగిన తల్లి రొయ్యలు చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, పరీక్ష పాసయ్యాకే హేచరీ గడప తొక్కుతాయి. చెరువు చుట్టూ పీతలు దూరకుండా కంచె, కాకులు వాలకుండా పైన దారాలు. ఇవన్నీ చూస్తూ పెరిగినవాణ్ణి. నాకెందుకు తట్టలేదు? రొయ్యంటే డబ్బు, అక్వేరియం అంటే సరదా అనుకున్నాను. సరదాకి జాగ్రత్తేమిటనుకున్నాను.

"మిగిలినవాటి సంగతేంటి?" అన్నాడు బాబాయి.

"మొత్తం కడిగేసి కొత్తగా సెట్ చేద్దామంటున్నాడు దుకాణంవాడు."

"అయితే వాడికింకో బేరం."

బాబాయి అన్నది వ్యాపారం గురించే అయినా శాస్త్రమూ అదే చెబుతుంది. ఫిల్టరు స్పాంజిలో బతికే బ్యాక్టీరియా చేపల అమోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చి ట్యాంకును నిలబెడుతుంది. కొత్త ట్యాంకులో అది కుదురుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది. స్పాంజిని క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళ కింద పెట్టి కడిగితే అది చాలావరకు చస్తుంది. జబ్బు నుంచి బయటపడ్డ చేప అమోనియాకు బలవుతుంది. అందుకని ఏదీ కడగలేదు. ఈసారి మందు ఆపలేదు. చివరి చుక్క రాలాక కూడా రెండు వారాలు కొనసాగించాను. లీటరుకు గ్రాము చొప్పున పావుకిలో గళ్ళుప్పు విడతలుగా కరిగించాను. కోరీలకు పొలుసులుండవు, ఉప్పూ మందూ వాటికి తొందరగా ఎక్కుతాయని మోతాదు తగ్గించాను. రోజు విడిచి రోజు పైపు పెట్టి అడుగు ఇసుక మీది మురికి లాగేశాను. పురుగు కాపురముండేది అక్కడే కదా.

ఎనిమిది మిగిలాయి. ఒక ఏంజెల్, రెండు గౌరామీలు, మూడు కోరీలు, రెండు టెట్రాలు. రోగం తెచ్చిన ఆరు టెట్రాల్లోవే ఆ రెండూ. వాటిమీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఇక్‌ను తట్టుకుని బతికిన చేపకు దానిమీద కొంత రోగనిరోధక శక్తి వస్తుంది. ఆ లెక్కన ఇప్పుడు మా ఇంట్లో అందరికంటే గట్టివి అవే.

రెండు నెలలు ఒక్క చేపా కొనలేదు. ఇది రాసినంత తేలిక కాదు. రెండు వందల యాభై లీటర్ల నీళ్ళలో ఎనిమిది చేపలుంటే ట్యాంకు పెళ్ళివారు వెళ్ళిపోయిన ఇల్లులా ఉంటుంది. దుకాణం మీదుగా వెళ్ళినప్పుడల్లా కాళ్ళు అటే లాగేవి. ఆ రెండు నెలల్లో నేను చేసిన పనల్లా పెద్ద ట్యాంకు ఫిల్టరులో ఒక చిన్న స్పాంజి అదనంగా పడేసి ఉంచడం.

ఇప్పుడు బాల్కనీ పక్క గదిలో కొత్త చేపల కోసం నలభై లీటర్ల టబ్బొకటి పెట్టాను. ఇసుక లేదు, మొక్కలు లేవు. దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క, హీటరు, అలా బ్యాక్టీరియా పెంచుకున్న స్పాంజి ఫిల్టరు. దానికి వల వేరు, పైపు వేరు, మగ్గు వేరు. ముందు పెద్ద ట్యాంకు పని చూసుకుని, ఆ తర్వాతే దీని దగ్గరికి వెళతాను. టబ్బులో చేయి తడిసిందంటే మళ్ళీ పెద్ద ట్యాంకు వైపు వెళ్ళను. చేతికి గీరుకున్న గాయముంటే గ్లవుసు తప్పనిసరి. చేపల నీళ్ళలో ఉండే ఒక రకం మైకోబ్యాక్టీరియా మనిషి చర్మానికీ అంటుతుంది, ఒకసారి అంటితే నెలల తరబడి మందులు మింగిస్తుంది.

కొత్త చేపను అందులో ఎన్నాళ్ళు ఉంచాలన్న దానిమీద అందరిదీ ఒక మాట కాదు. క్వారంటైన్ అన్న మాటకు మూలం వెనిస్ వాళ్ళ నలభై రోజులు. అంతకుముందే, 1377లో, రగూసా అనే రేవుపట్నం ప్లేగు ప్రాంతాల నుంచి వచ్చిన వాళ్ళను ముప్పై రోజులు బయటే ఆపింది. నేను నాలుగు వారాలు పెట్టుకున్నాను. జబ్బు ఉన్నట్టు కనిపించే చేపను విడిగా ఉంచడం ఎవరైనా చేస్తారు. నిక్షేపంగా ఈదుతున్న చేపను ఇరవై ఎనిమిది రోజులు అనుమానించడమే కష్టం. వచ్చిన కొత్త అల్లుణ్ణి వీధరుగు మీద కూర్చోబెట్టినట్టుంటుంది.

మా అమ్మాయికి ఇది అసలు నచ్చలేదు. రోజూ అడుగుతోంది, "నాన్నా, వాటినెప్పుడు కలుపుతావు?" అని. టబ్బులో ఇప్పుడు ఆరు కొత్త టెట్రాలున్నాయి, హుషారుగా. ఒంటిమీద చుక్క లేదు. ఇవాళ్టికి పదిహేడో రోజు. ఇంకా పదకొండు రోజులున్నాయి.