జోసీ అడిగిన చదువు

అమెరికాలో 1865లో బానిసత్వం రద్దయింది. అయినా నల్లవాళ్లకి సమానత్వం రాలేదు. ఆ పరిస్థితి గురించి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ రాసిన 14 రచనల సంపుటి ‘ది సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్’ 1903లో వచ్చింది. ఇంగ్లీషు కష్టంగానే ఉంటుంది. మా టీచర్ సాయంతో, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను.

నల్లమనిషి తనని తాను తన కళ్లతోనే కాక, తనని చిన్నచూపు చూసేవాళ్ల కళ్లతో కూడా చూసుకోవాల్సి వస్తుందని డుబాయిస్ అంటారు. మాట గొప్పదే. కానీ నన్ను కదిలించింది నాలుగో వ్యాసం.

కాలేజీలో చదివే రోజుల్లో డుబాయిస్ ఎండాకాలం టెన్నెసీ పల్లెలో పాఠాలు చెప్పడానికి వెళ్లారు. అక్కడ బడి కావాలని ఆయనకి చెప్పింది జోసీ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి. బడి అంటే ఒకప్పుడు మొక్కజొన్న పోసుకున్న దుంగల కొట్టం. పంతులు కుర్చీ కూడా అరువుదే, రోజూ రాత్రికి తిరిగి ఇచ్చెయ్యాలి. పదేళ్ల తర్వాత ఆయన మళ్లీ వెళ్లేసరికి పాత బడి చోట కొత్త బడి ఉంది, జోసీ లేదు. ఇంటి బరువు మోసి మోసి చనిపోయింది. మరి అభివృద్ధిని దేనితో కొలవాలి? ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి ప్రాణం.

బుకర్ టి. వాషింగ్టన్ అప్పట్లో పేరున్న నల్లజాతి నాయకుడు. ముందు చేతిపని నేర్చుకుందాం, హక్కుల కోసం ఇప్పుడే పట్టుబట్టొద్దు అనేది ఆయన దారి. ఆయన చేసిన మంచిని మెచ్చుకుంటూనే, ఓటు, పౌర సమానత్వం, శక్తికి తగ్గ చదువు వదులుకోకూడదని డుబాయిస్ వాదిస్తారు. మా చుట్టుపక్కల కూడా “తెలుగు మీడియం పిల్లకి పది చాలు, ఏదైనా పని నేర్పించండి” అనే మాట వినిపిస్తుంది. వాళ్ల కష్టమూ మాదీ ఒకటి కాదు; వాళ్లని మనుషులని కూడా చూడకుండా అమ్మారు, కొన్నారు. కానీ ఎవరికి ఎంత చదువు చాలో ఇంకొకరు తేల్చడం మాత్రం నాకు తెలిసిన సంగతే.

ఒక లోపం చెప్పాలి. ఇంత ప్రేమగా రాసినా జోసీ మాటలు మనకి దాదాపు వినపడవు. దారి చూపేది చదువుకున్న మగవాళ్లే అన్నట్టు ఉంటుంది. జోసీయే రాసి ఉంటే ఎలా ఉండేదో! రాసేంత చదువు ఆమెకి అందలేదు. అందుకే ఈ లోపం కూడా డుబాయిస్ వాదనకే సాక్ష్యం.

పుస్తకమంతా చదవలేకపోతే ఆ నాలుగో వ్యాసం ఒక్కటైనా చదవండి. అమ్మానాన్నలకి తెలుగులో చెప్పండి. ముఖ్యంగా ఇంట్లో ఆడపిల్లని బడి మాన్పిద్దామా అనే మాట వచ్చినప్పుడు.