చెన్నపురి ట్రాముల చరిత్ర: అభిమాన పత్రికల సాక్ష్యము

చరిత్ర యనగా రాజవంశముల వృత్తాంతము మాత్రమే యని తలచిన కాలము గడచిపోయినది. ఒక నగరమునందలి ప్రజలు ఏ బండి యెక్కి ఏ పనికి పోయిరో తెలిసికొనుట కూడ చరిత్రయే. ఈ దృష్టితో చూచినపుడు, చెన్నపురి వీధులలో 1895 మే 7వ తేదీ మొదలు 1953 ఏప్రిల్ 12వ తేదీ వరకు, అనగా ఇంచుమించు 58 సంవత్సరములు నడచిన విద్యుత్ ట్రాముబండ్లు శ్రద్ధగా పరిశీలింపదగిన విషయము. వానిని గూర్చిన రచన యెట్లు సాగినది, అందు ఏది నిలిచినది, ఏది జాఱిపోయినది అను ప్రశ్నలను విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట విషయస్వరూపమును గ్రహింపవలెను. చెన్నపురి ట్రాములకు తొలుత విద్యుత్తు నందించిన తీగ తలపైన లేదు. పట్టాల నడుమ నేలలో త్రవ్విన కాలువయందు దానిని దాచిరి. బండి క్రిందినుండి దిగిన సాధనమొకటి సన్నని చీలికగుండ ఆ తీగను తాకి శక్తిని గైకొనెడిది. వర్షకాలమున వీధులు నీట మునుగు ఈ నగరమునకు ఆ పద్ధతి పొసగలేదు. తరువాత స్తంభములు నాటి తీగలను పైకెత్తిరి. బండి కప్పుమీది దండము చివర ఆ తీగను అంటి దొరలు చిన్న చక్రమునకే ట్రాలీ యని పేరు. అమెరికాలో ఆ పేరే బండి కంతటికిని వ్యాపించినది. 1921 నాటికి చెన్నపురిలో 24 కిలోమీటర్ల పట్టాలపై 97 బండ్లు తిరిగినవి.

ఇట్టి వివరములను ప్రపంచమున కాపాడినవారిలో అభిమానులకు పెద్ద పాలు కలదు. అమెరికాలో 1934లో ఏర్పడిన ఎలక్ట్రిక్ రైల్‌రోడర్స్ అసోసియేషన్ 1939 నుండి 'హెడ్‌లైట్స్' అను పత్రికను వెలువరించినది. ఆ 1939లోనే మెయిన్ రాష్ట్రమున కొందఱు అభిమానులు పాతబండి నొకదానిని కొనిరి. అదియే సీషోర్ ట్రాలీ మ్యూజియమునకు బీజము. ఇంగ్లండులో 1938 నుండి 'మోడరన్ ట్రామ్‌వే' వెలువడినది. వేతనము లేక, విద్యాపీఠముల యండ లేక, బండి సంఖ్యలను, దారులను, మూసివేసిన తేదీలను వీరు లిఖించి యుంచిరి. కంపెనీలు తమ కాగితములను పాఱవైచినచోట్ల ఈ చిన్నపత్రికలే ఆధారములైనవి.

చెన్నపురియందు కేవలము ట్రాములకై పుట్టిన పత్రిక కాకపోయినను, ఆ కోవకు చెందిన కృషి 'మద్రాస్ మ్యూజింగ్స్' చేసినది. 1991లో వెలసిన ఈ పత్రికకు ఎస్. ముత్తయ్యగారు 2019లో పరమపదించువఱకు సంపాదకులు. పాఠకుల లేఖలకు చోటిచ్చి, ఒకరి జ్ఞాపకమును మఱియొకరు సవరించుట కవకాశము కల్పించుట దాని గొప్పతనము. చరిత్రరచనలో ఇట్టి సవరణకు మించిన సాయము లేదు.

అయినను అభిమానుల రచనలలో రెండు దోషములు తఱచుగా కానవచ్చును. మొదటిది ప్రథమత్వవ్యామోహము. చెన్నపురి ట్రాము భారతదేశమున మొదటి విద్యుత్ ట్రాము; ఇది సత్యము. లండను వీధులలో విద్యుత్ ట్రాములు క్రమముగా నడువ నారంభించిన 1901 కంటె ఇది ముందుది; ఇదియు సత్యము. కాని దీనిని దేశమున మొదటి ట్రాము అనరాదు. కలకత్తాలో గుఱ్ఱపు ట్రాము 1873లోనే నడచినది. ఆసియాలో మొదటిదనుటయు చెల్లదు. జపానునందలి క్యోటో నగరమున 1895 ఫిబ్రవరిలోనే విద్యుత్ ట్రాము బయలుదేఱినది; బాంకాకు నగరము అంతకంటెను ముందుది. అభిమానము అంకెను మ్రింగరాదు.

రెండవ దోషము మఱింత గురువైనది. ఈ రచనలలో బండి యున్నది, మనుష్యుడు లేడు. యంత్రమెవరు చేసిరో చెప్పుదురు. ఎండలో నిలువుకాళ్లపై దానిని నడపినవాడు ఏ భాషవాడో, ఏ పేటవాడో చెప్పరు. కంపెనీ నష్టపడి మూతపడెనని ఒక వాక్యము వ్రాసి ముగింతురు; దానిని నమ్ముకొనిన కార్మికుల యిండ్లలో పొయ్యి యెట్లు వెలిగెనో విచారింపరు. 1918లో మదరాసు కార్మికసంఘము పుట్టిన నగరమున ఇది సామాన్యమైన లోపము కాదు.

తెలుగువారి పాలుకూడ ఇచ్చట చెప్పదగినది. చూలై, పెరంబూరు, జార్జిటౌను ప్రాంతములలో తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించినవి. ఆంధ్రపత్రిక 1914 నుండి దినపత్రికగా ఈ నగరముననే వెలువడినది. ఆంధ్రప్రభ 1938లో ఇచ్చటనే పుట్టినది. అయినను ట్రాము చరిత్ర వ్రాసినవారు సామాన్యముగా ఆంగ్లమూలములనే చూచిరి. దీనికి తెలుగువారును కొంత బాధ్యులు. ట్రాము నిలిచిన 1953వ సంవత్సరము ఎట్టిదో స్మరింపవలెను. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు ఈ నగరముననే ప్రాణములర్పించిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. నగరమెవరిదను వాదము నడుమ, నగరమున ప్రతిదినము తిరిగిన బండి పోవుటను తలచు తీరిక యెవరికుండును? పట్టణముపై హక్కును గూర్చి విస్తారముగా వ్రాసితిమి. పట్టణమున గడపిన బ్రతుకును గూర్చి కొంచెమే వ్రాసితిమి.

ఈ లోపమును తీర్చుట కింకను వీలున్నది, కాని కాలము మిక్కిలి లేదు. పాత తెలుగు పత్రికల సంచికలు అనేకము ప్రెస్ అకాడమీవారి కృషిచే ఛాయారూపమున భద్రపఱుపబడినవి. ఛాయ లుండవచ్చును, చదువువారుండవలెను గదా! 2006లో తమిళనాట వచ్చిన తమిళ అభ్యసన శాసనము తరువాత మైనారిటీ భాషల బడులలో తెలుగు స్థానము సంకటమున పడినది. తమిళము నేర్చుట ఇచ్చటివారి కవసరమే, ధర్మమే. కాని చూలైలో పెరుగు బాలునికి తాతగారి కాలపు పత్రికయందలి తెలుగు చదువరానిచో, ఆ సంచికలలోని నగరము వానికి మూసిన తలుపే యగును.

కలకత్తాలో 2014లో ఒక ట్రాముబండినే ప్రదర్శనశాలగా మార్చి, ఎస్‌ప్లనేడులో నిలిపిరి. చెన్నపురిలో చేయదగినది అంత వ్యయముతో కూడినది కాదు. 1895 నుండి 1953 వరకు తెలుగు పత్రికలలో ట్రామును గూర్చి వచ్చిన వార్తలకు, లేఖలకు, ప్రకటనలకు తేదీలవారీగా ఒక సూచిక తయారుచేయవలెను. చిన్ననాట ట్రామెక్కిన వృద్ధుల మాటలను, వారు చెప్పిన తీరుననే, వ్రాసి యుంచవలెను. 1953లో పదేండ్ల బాలుడిప్పుడు ఎనుబదులు దాటినవాడు. చందా, దారి, టిక్కెట్టు, పండుగనాటి రద్దీ, సమ్మెదినములు అను శీర్షికల క్రింద వానిని వేఱుపఱచి, పత్రికల తేదీలతో సరిచూడవలెను. ఈ పని తెలుగు సంఘములును, తెలుగు బడుల పై తరగతి విద్యార్థులును కలసి చేయదగినది. దానివలన నగరచరిత్రకు మనుష్యులు చేరుదురు. విద్యార్థులకు తమ భాష చదువుటకు ఒక ప్రయోజనము కనబడును.