ఆఖరి పుల్కా ఎన్నింటికి?

శుభలేఖలో రిసెప్షన్ 7 గంటలకని ఉంది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ వేదిక ఎక్కేసరికి తొమ్మిదిన్నర, భోజనాల హాలు తలుపులు తీసేసరికి పది దాటింది. ఈ విషయంలో నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకి కొత్త కాదు. ముహూర్తాల కాలం వచ్చిన ప్రతిసారీ రాస్తూనే ఉన్నాను. సాయంత్రం మాత్ర వేసుకుని అన్నం కోసం చూసే షుగర్ మనుషుల్నీ, నిద్రకి తూలిపోయే పసిపిల్లల్నీ మూడు గంటలు కుర్చీల్లో కూర్చోబెట్టి, పదిన్నరకి బిర్యానీ, పనీర్ కూర, గులాబ్‌జామ్, ఐస్‌క్రీమ్ వరసగా వడ్డించడం మర్యాద కాదు.

అయితే ఈసారి నన్ను ఆలోచనలో పడేసింది ఆ ఆలస్యం కాదు. నా పక్కన కూర్చున్న మా బంధువుల అబ్బాయి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఏమయ్యా అంటే, “ఏడు దాటాక గొంతు దిగిందల్లా కొవ్వే పిన్నీ” అన్నాడు. వాట్సాప్‌లో వచ్చిన సందేశం ఒకటి చూపించాడు. రాత్రి 7 తర్వాత తిన్న అన్నం విషంతో సమానమట. ఆరూ యాభైతొమ్మిదికి అన్నం, ఏడూ ఒకటికి విషం! ఇలాంటి మాట ప్రచారం చేయడం ఆరోగ్యానికి చేసే సేవ కాదని గట్టిగా నమ్ముతాను. మనిషికి తిండి మీద భయం పెట్టడం చాలా సులువు, ఆ భయాన్ని పోగొట్టడమే కష్టం.

ఎంత తిన్నామన్నది ముఖ్యం, ఎప్పుడు తిన్నామన్నది కాదు అని వాదించడానికి నా దగ్గర సరుకు లేకపోలేదు. స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2022లో ప్రచురించిన పరీక్ష ఒకటుంది. అధిక బరువున్న 30 మందికి నాలుగు వారాలు తిండిలో ఎక్కువ భాగం పొద్దున పెట్టారు, ఇంకో నాలుగు వారాలు రాత్రి పెట్టారు. మొత్తం కేలరీలు మార్చలేదు. రెండు విధాలా తగ్గిన బరువు దాదాపు ఒకటే, మూడు కిలోల పైచిలుకు. ఒంట్లో ఖర్చయిన శక్తిలోనూ తేడా కనిపించలేదు. పొద్దున ఎక్కువ తిన్నప్పుడు రోజంతా ఆకలి తక్కువగా ఉందని మాత్రం వాళ్ళు చెప్పారు. చైనాలో గ్వాంగ్‌జౌ వైద్యులు 139 మందిని ఏడాదిపాటు చూశారు. తిండి తగ్గించుకున్నవాళ్ళలో సగం మంది పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపలే తిన్నారు, మిగతావాళ్ళకి వేళ నియమం లేదు. బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇక్కడితో కాలమ్ ముగించి, ఆ అబ్బాయికి పంపిస్తే సరిపోయేది.

కానీ బరువుని పక్కనపెట్టి రక్తంలో చక్కెరని చూస్తే కథ వేరేగా ఉంది. మన ఒంట్లో మెదడుకే కాదు, కాలేయానికీ క్లోమానికీ కొవ్వు కణాలకీ కూడా తమ తమ గడియారాలున్నాయి. ఆ గడియారాలు లోపల ఎలా తిరుగుతాయో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ ఇచ్చారు. పొద్దు గూకి, నిద్రకి పిలిచే మెలటోనిన్ ఊరడం మొదలయ్యాక ఇన్సులిన్ పని మందగిస్తుంది. పగలు తిన్న అన్నమే రాత్రి తింటే చక్కెర ఎక్కువ పెరుగుతుంది, ఎక్కువసేపు ఉంటుంది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న 20 మందికి ఒకే భోజనం ఒక రోజు సాయంత్రం 6కీ, ఇంకో రోజు రాత్రి 10కీ పెట్టారు. రెండు సార్లూ 11కే పడుకోబెట్టారు. ఆలస్యంగా తిన్నప్పుడు చక్కెర 18 శాతం దాకా ఎక్కువ ఎగబాకింది, కరిగిన కొవ్వు 10 శాతం తగ్గింది. బోస్టన్‌లో 16 మంది మీద చేసిన మరో పరీక్షలో అవే భోజనాలు నాలుగు గంటలు ఆలస్యం చేస్తే ఆకలి పెరిగింది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గింది, ఖర్చయ్యే కేలరీలూ తగ్గాయి. తిన్న వెంటనే నడుం వాలిస్తే పుల్లటి తేన్పుల సంగతీ ఛాతీలో మంట సంగతీ చెప్పనక్కర్లేదు. భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలుండాలని డాక్టర్లు చెప్పేది అందుకే.

ఈ పరీక్షల్లో చాలావాటిలో ఒక పోలిక ఉంది. నిర్ణయించిన వేళకి ఎవరో వండిన పళ్ళెం తెచ్చి ఆ మనిషి ముందు పెడతారు. ఆ వండినవాళ్ళు ఎప్పుడు తింటారో అనుకుంటే నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

తెనాలి పక్కన పల్లెటూరు. చిన్నప్పుడు వేసవి సెలవులకి అక్కడికే వెళ్ళేవాళ్ళం. దీపాలు పెట్టే వేళకి అత్తెసరు దించేసేది. పిల్లలందరినీ వరండాలో వరసగా కూర్చోబెట్టి, పప్పూ నెయ్యీ కలిపి ముద్దలు పెట్టేది. మా తరవాత పెదనాన్న, ఇంటికొచ్చిన చుట్టాలు, పాలేరు. అందరూ చేతులు కడుక్కున్నాక తను. “పెద్దమ్మా, నువ్వు తినవా?” అంటే, “మీరంతా కానివ్వండమ్మా, నాదెంతసేపు?” అనేది. అప్పట్లో నిజంగానే ఎంతోసేపు కాదు. గిన్నెలో అన్నం ఉంది, చట్టిలో పులుసుంది, ఎనిమిదింటికల్లా ఆవిడ కూడా పీట మీద కూర్చునేది. ఆఖరున తినడంలో అన్యాయం అప్పుడూ ఉంది. వేళ మాత్రం దాటేది కాదు.

పెదనాన్నకి షుగర్ వచ్చాక ఇదంతా మారింది. డాక్టరు రాత్రి అన్నం మానేసి పుల్కాలు తినమన్నాడు. ఆ రోజుల్లో కోస్తా జిల్లాల్లో ఎన్ని ఇళ్ళు ఇలా పుల్కాల్లోకి మారాయో! అన్నం ఒక్కసారి వండితే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. పుల్కా అలా కాదు. ఒక్కొక్కటే వత్తాలి, ఒక్కొక్కటే పెనం మీద వేయాలి, ఒక్కొక్కటే నిప్పు మీద పొంగించాలి. పొంగిన పుల్కా పొంగినట్టే కంచంలో పడాలి. పెదనాన్న ఎనిమిదికి కూర్చునేవారు. గుంటూరులో ఉద్యోగం చేసే పెద్దన్నయ్య తొమ్మిదింటి బస్సు దిగి వచ్చేవాడు. చిన్నన్నయ్య ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి. వచ్చిన ప్రతివాడికీ పెనం మళ్ళీ వేడెక్కాలి. పెద్దమ్మ చేతులు కడుక్కునేసరికి పదిన్నర. ఆ వేళకి తన కోసం పిండి వత్తే ఓపిక ఎక్కడిది? మధ్యాహ్నం మిగిలిన అన్నంలో ఇంత చారు పోసుకుని, నిలబడే తిని, అరగంటలో పడుకునేది.

కొన్నేళ్ళకి ఆవిడకీ షుగర్ వచ్చింది. ఒళ్ళూ వచ్చింది. “ఇంత తక్కువ తినే మనిషికి ఇదేమిటి?” అని ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయారు. వయసుంది, వంశముంది, పగలంతా వంటింట్లోనే గడిపిన జీవితముంది. రాత్రి పదిన్నర అన్నమొక్కటే కారణమని అనను, అనడానికి నేనెవరిని? అయితే ఆ ఇంట్లో ఆరోగ్యం కోసం తెచ్చిన ఒక మార్పు ఒకరి చక్కెరని కాపాడుతూ ఇంకొకరి భోజనాన్ని రెండున్నర గంటలు వెనక్కి నెట్టిందన్నది నా కళ్ళతో చూసిన విషయం. ఆవిడని చూసిన డాక్టరు కూడా అన్నం మానేసి పుల్కాలు తినమనే రాశాడు. ఆ పుల్కాలు ఎవరు చేస్తారని అడగలేదు.

ఇది మా ఇంటి కథే అనుకుంటే పొరపాటు. ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే వాళ్ళు దేశమంతా తిరిగి ఇళ్ళల్లో అడిగిన ప్రశ్నల్లో ఇదీ ఒకటి: ఆడవాళ్ళు మగవాళ్ళతో కలిసి తింటారా, మగవాళ్ళు తిన్నాక తింటారా? ఆ ప్రశ్నని లెక్కలోకి తీసుకోవాలని వాళ్ళకి తోచింది. 2023లో లాన్సెట్ డయాబెటిస్ అండ్ ఎండోక్రినాలజీ పత్రికలో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైమాటే. ఆ 10 కోట్లలో అందరి తరవాత తినేవాళ్ళు ఎందరో!

కాబట్టి ఆ అబ్బాయి చెప్పిన 7 గంటల గీతని నేను ఒప్పుకోను గానీ, వేళ ముఖ్యం కాదన్న మాటా ఇక అనను. వేళ ముఖ్యమే. ఇంట్లో రాత్రి భోజనం ఎన్నింటికి అంటే, ఇంటాయన కూర్చున్న గంట చెప్పకండి. పొయ్యి ఆర్పి ఆఖరి మనిషి చేయి కడుక్కున్న గంట చెప్పండి. అది ఎనిమిదిన్నర లోపుంటే ఆ ఇల్లు పెందలాడే తిన్నట్టు. ట్యూషన్లు ఎనిమిదిదాకా నడిచినా, సీరియల్ తొమ్మిదింటికి అయినా, ఆఫీసు కాల్ అమెరికా టైముకి వచ్చినా, ఒక్కొక్కరికీ ఒక్కో పంక్తి నడపడం మానేస్తే ఇందులో సగం సర్దుబాటవుతుంది. ఆలస్యంగా వచ్చినవాడు మూత తీసి వడ్డించుకోవచ్చు.

నైట్ షిఫ్టులో ఉండే నర్సులూ క్యాబ్ డ్రైవర్లూ వాచ్‌మెన్లూ ఏం చేయాలని అడుగుతారు. 2021లో 19 మందిని నైట్ షిఫ్టులో ఉన్నట్టే ఉంచి చూశారు. రాత్రిళ్ళు తిన్నవాళ్ళ చక్కెర పెరిగింది, భోజనాలు పగలే తిన్నవాళ్ళది పెరగలేదు. ప్రయోగశాలలో చూసింది కాబట్టి ఉన్నదున్నట్టు పాటించమనను. డ్యూటీకి బయల్దేరే ముందే కడుపునిండా తిని, రెండు మూడింటికి బిర్యానీ బండి దగ్గర ఆగకుండా ఉండగలిగితే అంతే చాలు. ఇన్సులిన్ గానీ చక్కెర దించే మాత్రలు గానీ వాడేవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా భోజనం వేళలు మార్చుకోకూడదు, చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

ఇక పుల్కాల సంగతి. ఏడింటికే అన్నీ ఒకేసారి చేసి, బట్టలో చుట్టి హాట్‌ప్యాక్‌లో పెడితే మెత్తగానే ఉంటాయి, కాకపోతే పొంగి ఉండవు. తెలంగాణ పల్లెల్లో పొద్దున కాల్చిన జొన్నరొట్టె రాత్రికి కూడా తింటారు. రాయలసీమలో రాగిసంగటి ఒకే కుండలో కెలికి ముద్దలు చేసి పెడతారు, ఎవరి ముద్ద వాళ్ళు పప్పులోనో పులుసులోనో అద్దుకుంటారు, చేసినావిడ కూడా వేడి ఆరకముందే తినేస్తుంది. రేపటి నుంచి మీ ఇంట్లో పుల్కా పొంగకపోతే ఎవరూ నోరెత్తకూడదు.