స్వభావం ఎవరు రాసిన్రు?

"మీవోళ్ల స్వభావమే అంత!" హాలియాల చాయ్ హోటల్ కాడ ఈ మాట ఎన్నోసార్లు విన్న. మనిషి స్వభావం ఎవరు రాసిన్రు?

మనసును కొలిచేందుకు తెలుగు విమర్శ ఫ్రాయిడ్ అచేతనాన్ని తెచ్చుకుంది. గీత చెప్పిన మూడు గుణాలు ఎట్లాగూ ఉన్నయి. మా ఇండ్లల్ల వినిపించే 'నఫ్స్' మాత్రం దాని చెవిన పడలే. ఖురాన్‌ల నఫ్స్ మూడు తీర్లు: చెడుకు ఉసిగొల్పే అమ్మారా, తనను తనే నిందించుకునే లవ్వామా, నెమ్మదించిన ముత్మయిన్నా. సూఫీలు వీటిని మనిషి ఎక్కాల్సిన మెట్లన్నరు. అంటే మనసు మారుతది.

హాలియా నుంచి సాగర్ దిక్కు పోతే నాగార్జునకొండ. ఆ పేరుగల ఆచార్యుడు దేనికీ మారని స్వభావం లేదన్నడు. అన్నీ కారణాల ఆసరాతోనే ఉంటయన్నడు. సూఫీకి అల్లా ఉన్నడు, ఆయనకు ఆత్మే లేదు. అయినా "పుట్టుకతోనే ఇంతే" అనే మాట ఇద్దరి ముందూ నిలవదు.

1991ల ఖాదర్ మొహియుద్దీన్ తెచ్చిన 'పుట్టుమచ్చ'ను ఒట్టి మైనారిటీ ఆవేదనగ చదివితే చాలదు. పుట్టంగనే ముస్లింకు అనుమానాన్ని అంటగట్టే మనసునే ఆ కావ్యం బోనెక్కిచ్చింది.

అయితే దూదేకులోళ్లను చూసి మేమూ "వాళ్లంతే" అన్నం. లవ్వామా మెట్టు ముందుగాల మేమే ఎక్కాలె. అనుమానించెటోళ్లు ఎన్నడెక్కుతరు?