లాకు నీళ్ళ చదువు

2024 జూలై ఆఖరి ఆదివారం రాత్రి తొమ్మిది దాటింది. యానాం రేవు గట్టు మీద కూర్చున్నాం నేనూ, మా బాబాయీ. గౌతమి ఎర్రనీళ్ళతో గట్టును ఒరుసుకుంటూ పోతోంది. నా ఫోన్లో పారిస్ ఒలింపిక్స్ నడుస్తున్నాయి. తెల్లటి నురగలో బెండుముక్కంత పడవ, అందులో ఒక అమ్మాయి, చేతిలో రెండు కొసలా రెక్కలున్న తెడ్డు.

"ఇదేం ఆటరా అబ్బాయ్?" అన్నాడు బాబాయి. 2002లో బాలయోగి వారధి వచ్చేదాకా ఎదుర్లంకకి జనాన్ని దాటించిన చేతులు ఆయనవి.

కెనో స్లాలోమ్ అంటారు, అని చెప్పాను. పైనుంచి గడలు జంటలుగా వేలాడుతుంటాయి. ఆకుపచ్చ జంటలోంచి వాలుకి పోవాలి. ఎర్ర జంట వస్తే పడవ తిప్పి ఎదురెక్కాలి. గడ తగిలితే రెండు సెకన్లు జరిమానా, జంటను వదిలేస్తే యాభై. ఆయన వినడం లేదు. ఫోన్ లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"ఈ పిల్ల నీళ్ళతో దెబ్బలాడట్లేదురా. ఆ దిమ్మ ఎనకాల నీరు నిలబడింది సూడు, ముక్కు అక్కడ పెడతంది."

ఆ పిల్ల జెస్సికా ఫాక్స్. ఆడేది ఆస్ట్రేలియా తరఫున, పుట్టింది మాత్రం ఫ్రాన్స్‌లోని మార్సేలో. తల్లి మిరియం 1996 అట్లాంటాలో ఇదే ఆటలో ఫ్రాన్స్‌కి కాంస్యం తెచ్చింది. 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరిన ఊరివాణ్ణి కదా, అమ్మ వైపు చుట్టరికం కలిపేసుకున్నాను. ఆ రాత్రి జెస్సికా కయాక్‌లో బంగారం గెలిచింది. మూడు రోజులకి, మోకాళ్ళ మీద కూర్చుని ఒంటి రెక్క తెడ్డుతో వేసే కెనోలోనూ గెలిచింది.

కోచ్‌లు ఏళ్ళ తరబడి నేర్పే మాటను బాబాయి ఒక్క చూపులో పట్టేశాడు. వేగంగా వచ్చే నీరు రాయికి కొట్టుకుంటే, ఆ రాయి వెనకాల కొంత నీరు వెనక్కి తిరుగుతుంది. తెలియనివాడికి అది సుడి, తెలిసినవాడికి అదే మెట్టు. మన సరంగులు ఎదురు పోవాల్సివస్తే నడిగోదాట్లో పోరు. ఒడ్డు పక్కన నీరు మెత్తగా ఉన్నచోట పట్టుకుని పోతారు. యానాంలో అయితే సముద్రం పోటు కోసం కూర్చుంటారు. పోటుకి పైకి, పాటుకి కిందికి. మనవాళ్ళు ఆరు గంటలు ఓపిక పట్టి చేసే పనిని స్లాలోమ్ పిల్లలు నూరు సెకన్లలో చేస్తారు, అంతే తేడా.

మన దేశం నుంచి పిల్లలు ఈ పందేలకి పై దేశాలు వెళ్తున్నారు. మూడున్నర మీటర్ల పడవను విమానంలో ఎక్కించడమే ఒక ప్రయాస. చేరాక అసలు పరీక్ష. పందెం నాటి గడల వరసలో ముందుగా సాధన చేయనివ్వరు. గట్టు మీద అటూ ఇటూ నడుస్తూ, ఎవరో నమూనాగా పడవ వేసి చూపిస్తుంటే చూస్తూ, ఏ మలుపులో ఎన్ని తెడ్లు వేయాలో మనసులో రాసుకోవాలి. ఆ నీళ్ళూ మామూలు నీళ్ళు కావు. చాలాచోట్ల పంపులతో పైకి ఎత్తి సిమెంటు కాలువలో వదిలినవి. మన స్లాలోమ్‌కి పేరున్న చోటు మధ్యప్రదేశ్‌లోని మహేశ్వర్. నర్మద అక్కడ రాళ్ళలో చీలి సహస్రధార అవుతుంది. 2023 మొదట్లో ఖేలో ఇండియా యువ క్రీడల స్లాలోమ్ పోటీలు అక్కడే పెట్టారు. రాతి నీళ్ళలో పెరిగిన పిల్ల సిమెంటు నీళ్ళలోకి దిగితే, యాస మారిన ఊళ్ళో కాపురానికి వెళ్ళినట్టే. మాట అదే, పలుకు వేరు.

ఓడిపోయి వస్తే కండబలం చాలలేదంటారు. నాకు అలా తోచదు. జెస్సికా పెరిగింది పెన్రిత్‌లో. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కి కట్టిన కాలువ అక్కడే ఉంది. పారిస్ కెనోలో కాంస్యం గెలిచిన అమెరికా అమ్మాయి ఈవీ లీబ్‌ఫార్త్‌కి అప్పటికి ఇరవయ్యేళ్ళు. పదిహేడేళ్ళకే టోక్యోలో పోటీ చేసింది. వాళ్ళకి బడి ఎంత దగ్గరో పరుగు నీరూ అంత దగ్గర. మనకి లేనిది నీళ్ళ మీద గడిపే ఆ గంటల లెక్క. నిలవ నీటి పందెంలో చూడండి: 1994 హిరోషిమా ఆసియా క్రీడల పతకం తర్వాత ఇరవై తొమ్మిదేళ్ళకి, 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ జంట కాంస్యం తెచ్చింది. సునీల్‌ది మణిపూర్‌లో లోక్‌తక్ సరస్సు ఒడ్డు, చేపలు పట్టే ఇల్లు. నీళ్ళ పక్కన పుట్టిన పిల్లాడికి పడవ చేతికిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు.

మన డెల్టాలో రాళ్ళెక్కడివి, నురగ నీళ్ళెక్కడివి అంటారా? లాకుల దగ్గర ఉన్నాయి. 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టి, కాలువల్ని మెట్లు మెట్లుగా కిందికి దింపాడు. ప్రతి మెట్టు దగ్గరా నీరు తెల్లబడుతుంది. చిన్నప్పుడు అలాంటి ఒక లాకు దిగువన దూకాను. నీరు నన్ను బయటికి వదలకుండా అక్కడికక్కడే దొర్లించింది. పైకి తేలేసరికి ఒడ్డున ఉన్నవాళ్ళు పంచె విసిరి లాగారు. ఆ రోజు నేను నీళ్ళకి ఎదురు కొట్టుకున్నాను, అదే నా తప్పు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన కబురు వినగానే ఆ దొర్లుడే గుర్తొచ్చింది. స్లాలోమ్‌లో పిల్లలకి మొదట నేర్పేది తెడ్డు వేయడం కాదు. బోల్తాపడ్డ పడవలోంచి బయటికి రావడం, ఆ తర్వాత తుంటి విసురుతో అదే పడవను మళ్ళీ నిలబెట్టడం. పడడం వచ్చాకే పోవడం.

జర్మనీలో ఆగ్స్‌బర్గ్ అనే ఊళ్ళో, నదిలో కొట్టుకొచ్చే మంచుగడ్డల్ని పక్కకి మళ్ళించే కాలువ ఒకటి ఉండేది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కి దాన్నే స్లాలోమ్ బాటగా మార్చారు. స్లాలోమ్ ఒలింపిక్స్‌లోకి అడుగుపెట్టింది ఆ కాలువలోనే. పాత కాలువకి కొత్త చదువు చెప్పారన్నమాట. సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలకి మనవాళ్ళు విరగబడి వస్తున్నారు, చూస్తున్నాం. పండగ మూడు రోజులది. చదువుకి ఏడాది కావాలి.

అందుకే నీటిపారుదల ఇంజనీర్లకి ఒక మనవి. వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేసినప్పుడు, ఏదో ఒక లాకు పక్కన రెండు వందల మీటర్ల పిల్లకాలువ తవ్వి, నాలుగు దిమ్మలు పాతి, పది జతల గడలు వేలాడదీయండి. చేలకి పోయే నీరు చేలకే పోతుంది, దారిలో కాసేపు పిల్లల్ని ఆడిస్తుంది. తల్లిదండ్రులకి ఇంకో మనవి. అది తవ్వేలోపు పిల్లలకి ఈత నేర్పించండి, లాకుల కింద మాత్రం దూకనివ్వకండి.