ఎండకు కదిలే ముల్లు

ఇనుము కోసే చోట ఆక్సిజన్ సిలిండర్ లేనిదే పొద్దు గడవదు. రాయ్‌పూర్ శివారు బీర్‌గావ్‌లో ఆ పనికి కొదవ లేదు. పక్కనే ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడలు, వాటిలో స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, రోలింగ్ మిల్లులు. మే నెలలో ఇక్కడ ఎండ కొన్ని రోజులు 44, 45 డిగ్రీలకు చేరుతుంది. ఆరుబయట నిలబెట్టిన నల్ల సిలిండర్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది.

పొద్దున 28 డిగ్రీల దగ్గర గేజ్ 140 కిలోల ప్రెషర్ చూపిందనుకుందాం. మధ్యాహ్నానికి లోపలి గ్యాస్ 60 డిగ్రీలకు వేడెక్కితే ముల్లు దాదాపు 155కి చేరుతుంది. కొత్తగా ఒక్క గ్రాము గ్యాస్ కూడా చేరలేదు. డిగ్రీలు రెట్టింపుకు మించినా ప్రెషర్ పదో వంతే పెరగడానికి కారణముంది: ఈ లెక్కకు సెంటీగ్రేడ్ పనికిరాదు, దానికి 273 కలపాలి. 301 నుంచి 333కి పెరిగిందన్నమాట. అందుకే సిలిండర్ మీద వేసే ప్రెషర్‌ను 15 డిగ్రీల వద్ద ఉండే విలువగా లెక్కిస్తారు.

కొనేవాడికీ నింపేవాడికీ తగవు వచ్చేది ఇక్కడే. నింపేటప్పుడు గ్యాస్ ఒత్తిడికి గురై వేడెక్కుతుంది. వేడి మీద 150 చూపిన సిలిండర్ షెడ్డుకు చేరి చల్లారాక అంత చూపదు. తక్కువ పోశారని నింపినవాణ్ణి నిందించే ముందు సిలిండర్ ఒంటిని తాకి చూడటం న్యాయం.

ఎల్‌పీజీ తీరు వేరు. లోపల ద్రవం మిగిలి ఉన్నంతసేపూ ప్రెషర్‌ను నిర్ణయించేది వేడిమే. సగం ఉన్నా పావు ఉన్నా గేజ్ ఒకటే చెబుతుంది. ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వెయ్యాలి. ఇందులో అసలు ప్రమాదం ద్రవం వ్యాకోచించడం. ద్రవాన్ని నొక్కి కుదించలేం కనుక, పైన ఖాళీ లేకుండా నింపితే కొద్ది వేడికే ప్రెషర్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. నింపే చోట ఆ ఖాళీ వదలడం మొహమాటానికి తావివ్వకూడని విషయం.

ఎసిటిలీన్‌ది మరో దారి. మెరూన్ సిలిండర్‌లో అది సచ్ఛిద్ర పదార్థంలో ఇంకిన ఎసిటోన్‌లో కరిగి ఉంటుంది. వేడెక్కితే ఎసిటోన్ దాన్ని పట్టి ఉంచలేదు, ప్రెషర్ త్వరగా పెరుగుతుంది. బీర్‌గావ్ వేసవిలో నీడకు మొదటి హక్కు ఈ సిలిండర్‌దే. పడుకోబెట్టి తెచ్చిన దాన్ని నిలబెట్టి, ఎసిటోన్ కిందికి దిగేదాకా ఆగాకే వాల్వ్ తిప్పాలి.