నల్లటి విరేచనం, నార్మల్ రిపోర్టు

ఈ వారం చేతికొచ్చిన ఒక ఎండోస్కోపీ రిపోర్టు చూసి ఒళ్లు మండింది. తారులా నల్లగా విరేచనమవుతోందని వెళ్లిన మనిషికి గొట్టం వేసి చూసి, అంతా నార్మల్ అని రాసి ఇంటికి పంపేశారు. పిత్తాశయంలో రాళ్లున్నాయా, కుడి డొక్కలో నొప్పి వచ్చిందా, కళ్లు పచ్చబడ్డాయా అని ఎవరూ అడగలేదు. ఐరన్ మాత్రలు వాడినా విరేచనం నల్లబడుతుంది; అదీ అడగలేదు.

నా పాత పాట మీకు తెలిసిందే: రోగిని కూర్చోబెట్టి చెప్పనివ్వండి. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరసలోనే సగం జబ్బు దొరుకుతుంది.

పైత్యనాళంలోకి నెత్తురు దిగే హీమోబిలియా అచ్చంగా అలాంటి జబ్బు. ఈ రోజుల్లో ఎక్కువగా కాలేయానికి సూదులు, స్టెంట్లు వేశాక వస్తుంది. రాళ్ల వల్ల రావడం అరుదు. రాయి ఒరుసుకుని, వాపు ముదిరి, పక్కనున్న ధమని గోడ దెబ్బతింటుంది. అక్కడ ఉబ్బి పగిలితే నెత్తురు పైత్యనాళంలోకి చేరుతుంది. గడ్డకట్టి దారి మూస్తే మెలిపెట్టే నొప్పి, కామెర్లు. గడ్డ జారి పేగులో పడితే నొప్పి సర్దుకుంటుంది, విరేచనం నల్లబడుతుంది. కొన్నాళ్లాగి మళ్లీ మొదలు. నొప్పి తగ్గిన వేళే నెత్తురు కనబడటం దీని గుట్టు. అది రోగి నోటి నుంచే తెలియాలి.

నొప్పి, కామెర్లు, రక్తస్రావం మూడింటినీ కలిపి 1871లో చెప్పినవాడు జర్మన్ వైద్యుడు హైన్రిష్ క్విన్కే. ఆయన మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. 1891లో వెన్నులోకి సూది దించి నీరు తీసే పద్ధతిని వైద్యానికిచ్చిందీ ఆయనే. రోగి చెప్పింది విన్నాడు; వినికిడి చాలనిచోట సూది పట్టాడు.

అందుకే ఈసారి నా పాటను కాస్త ఆపుతున్నాను. ఆ మూడు లక్షణాలూ చాలామందిలో కలిసి రావు. మూడోదాని కోసం కాచుకుంటే నెత్తురు పోతూనే ఉంటుంది. పైత్యనాళం తెరుచుకునే చోటు చిన్నపేగు పక్కగోడలో ఉంటుంది. నేరుగా చూసే ఎండోస్కోపుకు సరిగా అందదు. ఆ గంటలో నెత్తురు ఆగి ఉంటే అసలే కనబడదు. కాబట్టి అనుమానం వస్తే ఆ రోజే సీటీ యాంజియోగ్రామ్ తీయాలి. ధమని ఉబ్బు దొరికితే రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, కాయిల్‌తో మూయవచ్చు. రోగి తేరుకున్నాక రాళ్లతో సహా పిత్తాశయాన్ని తీసేయవచ్చు.

రాళ్లున్నాయని తెలిసినవారు విరేచనం నల్లబడితే ఆ రెండు మాటలూ డాక్టరుకు కలిపి చెప్పండి. కామెర్లు కనబడేదాకా ఆగకండి.